‘ఏం కాదులే’ అనే మాట గురించి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా అయినా కూతవేటు దూరంలోనే పాతపట్నం, అంటే మీ ఆంధ్ర. మీ పేపరు మాకు అటువైపు నుంచే వస్తుంది. మా బజార్లో బోర్డులు ఒడియాలో, ఆఫీసు పని ఒడియాలో, మనవల చదువు ఇంగ్లీషులో. తెలుగు అక్షరం తీరిగ్గా కంటికి ఆనేది పొద్దున్న పేపర్లోనే. అందుకే టెండరు ప్రకటనలు కూడా వదలకుండా చదువుతాను.

ఆమధ్య ఆదివారం నాడు ఎదుటివాళ్లతో ఎలా మాట్లాడాలన్న వ్యాసం వేశారు. సానుభూతి వేరు, సహానుభూతి వేరు అని ఒక పేరా, ఆ తర్వాత చేయాల్సిన పనుల పట్టీ. కళ్లలోకి చూడాలట, మధ్యమధ్యలో తల ఊపాలట, ఎదుటివాళ్లు అన్న మాటనే మళ్లీ మనం అనాలట. రాసినాయన చదువుకున్నవారే, తప్పని నేననను. కానీ పదిహేనేళ్లు నేను చేసిన ఉద్యోగంలో ఎవరి కళ్లలోకీ చూసే వీలు లేదు. చూస్తే వాళ్లు సిగ్గుతో ఫోన్ పెట్టేసేవారు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మీకు వీలున్నంత వేసుకోండి.

1994 నుంచి 2009 దాకా నాకు ఎస్టీడీ బూత్ ఉండేది. పసుపు బోర్డు, ప్లైవుడ్ గది, దానికి అద్దం తలుపు, లోపల గిర్రుమని శబ్దం తప్ప గాలి రాని చిన్న ఫ్యాను. మీటరు మీద ఎర్ర అంకెలు పరుగెత్తేవి. రాత్రి పదకొండు దాటితే పావు ఛార్జీ కాబట్టి ఆ వేళకి బెంచీ నిండిపోయేది. గంజాం వాళ్లలాగే మా వైపు మగపిల్లలు కూడా సూరత్ మరమగ్గాల్లో పనికి పోయేవారు. కొందరు మద్రాసు, కొందరు హైదరాబాదు. ఇక్కడ ఉండిపోయిన ఆడవాళ్లు, ముసలివాళ్లు మా బూత్‌కి వచ్చేవారు.

తలుపు వేసినా మాటలన్నీ బయటికి వినపడతాయి. నేను వాళ్లకి వీపు పెట్టి, బిల్లుల కాగితం సరిచేస్తున్నట్టు కూర్చునేవాణ్ని. పదిహేనేళ్లు ఊరి కష్టసుఖాలన్నీ ఒక వైపు నుంచి మాత్రమే విన్నాను. అవతలివాళ్లు ఏమన్నారో ఇవతలివాళ్ల జవాబును బట్టి ఊహించుకోవడమే. ఎక్కువగా వినపడే జవాబు ఒకటే: ‘ఏం కాదులే.’ ఒడియావాళ్లయితే ‘కిఛి హెబని’. రెండూ ఒకటే. ఇంట్లో బియ్యం లేవని ఒకరు అంటే, మేస్త్రీ కూలీ ఎగ్గొట్టాడని ఇంకొకరు అంటే, అటునుంచో ఇటునుంచో ఈ మాట వచ్చి పడేది. అప్పట్లో నేనది ధైర్యం చెప్పడమే అనుకునేవాణ్ని. మీటరు తిరుగుతుంటే పాపం అంతకంటే ఏం చెప్తారు? ఇప్పుడు మీటరు లేదు. రోజంతా మాట్లాడినా అదే డబ్బు. అయినా ఆ మాట పోలేదు. నా షాపులో జిరాక్సులకీ రీఛార్జులకీ వచ్చేవాళ్ల నోట రోజూ వింటూనే ఉన్నాను.

ఒకామె సంగతి చెప్తాను. పేరు, ఊరు చెప్పను. మొగుడు సూరత్‌లో మగ్గం మీద పని. ఆమె ఆదివారం సాయంత్రం వచ్చి, అతను తినే మెస్‌కి ఫోన్ చేసేది. ‘ఫలానా అతన్ని పిలవండి’ అని చెప్పి వెంటనే పెట్టేసేది. అయిదు నిమిషాలు బెంచీ మీద కూర్చుని మళ్లీ చేసేది. అతన్ని పిలుచుకొచ్చేదాకా లైను పట్టుకుంటే డబ్బులు దండగ కదా. రెండోసారి అతనే ఎత్తేవాడు. ఆమె మాట్లాడినంతసేపూ చూపు మీటరు మీదే. ‘బాగున్నాం. పిల్లోడు బడికెళ్తన్నాడు. నువ్వు తిన్నావా? సరే, ఉంటాను.’ రెండు నిమిషాలు దాటేది కాదు.

వానాకాలంలో ఒక ఆదివారం ఫోన్ అయిపోయాక ఆమె వెళ్లలేదు. చిల్లర చేతిలో పట్టుకుని బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి ‘ఇల్లు కురుస్తంది బాబూ, ఆయనకి చెప్పలేదు’ అంది. నేను రోజు లెక్క చూసుకుంటున్నాను. తల ఎత్తకుండానే ‘ఏం కాదులేమ్మా, ఇంకో పదిరోజుల్లో వానలు వెనకబడతాయి’ అన్నాను. పైగా ‘మా పెంకుటిల్లూ అంతే, నాలుగు చోట్ల గిన్నెలు పెట్టాం’ అని కలిపాను. ఆమె ‘ఊ’ అని లేచి వెళ్లిపోయింది. మంచిమాట చెప్పి పంపానన్న తృప్తి కూడా నాకు మిగిలింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. మధ్యాహ్నాలు నా భార్య కూర్చునేది, నేను వెనక గదిలో నడుం వాల్చేవాణ్ని. ఆమె ఫోన్ చేయడానికి రాలేదు. ‘ఇల్లు కురుస్తంది అప్పా’ అంది, నాతో అన్నట్టే. అప్ప అంటే మా వైపు అక్క. మా ఆవిడ చేస్తున్న పని ఆపింది. ఆపిందని నాకెలా తెలుసంటే, చేటలో బియ్యం ఏరుతున్న చప్పుడు ఆగింది. ‘అయ్యో, మరేటయ్యింది?’ అంది. అంతే అంది.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. చూరు కింద మూల తడిసింది, పిల్లాడి పక్క జరిపింది, అత్త దగ్గుతోంది, అని చెప్పి ఆగింది. మా ఆవిడ మాట అందుకోలేదు. నేనైతే ఆ సందులో మా అమ్మ ఆయాసం గురించి ఎత్తుకునేవాణ్ని. కొంచెంసేపటికి ఆమే అంది: ‘ఆయన కూడా దగ్గుతన్నాడప్పా. ఫోన్లో వినపడతంది. నేను లెక్కెడతన్నాను. మొదటి వారం మూడుసార్లు. తరవాత అయిదు. మొన్న తొమ్మిది.’

మీటరు మీద కళ్లు పెట్టి ఆమె లెక్కపెడుతున్నది రూపాయలనే నేను అనుకున్నాను.

‘మరి నువ్వు అడగలేదా?’ అంది మా ఆవిడ. ‘అడిగితే ఏం కాదులే అంటాడప్పా. అక్కడితో అయిపోద్ది.’

వెనక గదిలో చాప మీద నాకు నిద్ర ఎగిరిపోయింది. ఆ మాట అతని గురించే అంది. కానీ రెండ్రోజుల కిందట నేనన్నదీ అదే మాట, నాతో కూడా అక్కడితోనే అయిపోయింది. ఆమె ఇంటి కప్పు గురించి మొదలెట్టింది, కప్పు గురించి చెప్పడానికి కాదు. అసలు సంగతి మూడో మాటకో నాలుగో మాటకో వస్తుంది. నేను మొదటి మాటకే తలుపు మూసేశాను. మా పెంకుటింటి గిన్నెల సంగతి చెప్పి గొళ్లెం కూడా పెట్టాను.

తర్వాత వాళ్లిద్దరూ ఆలోచించుకున్నారు. మెస్‌లో వంట చేసే కుర్రాడు ఆమె పక్కూరి వాడేనట. మొగుడికి తెలియకుండా ఆ కుర్రాడికి ఫోన్ చేశారు. ‘రాత్రంతా కూర్చునే ఉంటన్నాడక్కా, పడుకోలేకపోతన్నాడు’ అన్నాడు. దసరాకి ముందే అతన్ని రప్పించారు. సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇచ్చే మందులు ఆరు నెలలు మింగాడు. మళ్లీ మనిషయ్యాడు. ఆ తర్వాత సూరత్ వెళ్లాడా లేదా అంటే, వెళ్లాడు. వెళ్లక ఏం చేస్తాడు?

మా ఆవిడ చదివింది ఎనిమిదో తరగతి. కళ్లలోకి చూడాలని ఆమెకెవరూ చెప్పలేదు. అప్పుడు ఆమె చూపు బియ్యం మీదే ఉందని పందెం కాస్తాను.

ఇలా రాస్తున్నానని ‘ఏం కాదులే’ అనడమే పాపం అనుకోవద్దు. పిల్లవాడు పడి మోకాలు గీసుకుంటే ఆ మాటే మందు. పిడుగు పడ్డప్పుడు భయపడ్డవాళ్లకి అంతకంటే మంచిమాట లేదు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. అందరికీ ఊ కొడుతూ కూర్చుంటే షాపు నడవదు. మా బజార్లో ఒకాయన ఉన్నారు, ఒక్క జిరాక్సుకి వచ్చి గంటన్నర తన ఆస్తి తగాదా చెప్తారు. ఇరవై రెండేళ్లుగా అదే తగాదా. ఆయన వస్తుంటే నేను ఫోన్ చెవిన పెట్టుకుంటాను. ఈ విషయంలో నేనేమీ ధర్మరాజుని కాను.

నాకు అసలు కోపం వచ్చేది ‘మాకూ అంతే’ అనే జబ్బు మీద. ఎవరైనా సుగర్ వచ్చిందని చెప్పి చూడండి. పక్కవాడు తన సుగర్ ఎంతో చెప్తాడు, మూడోవాడు వాళ్ల బావమరిది కాలు తీసేసిన సంగతి చెప్తాడు, నాలుగోవాడు కాకరకాయ రసం అంటాడు. మొదట చెప్పినవాడు టీ తాగి లేచిపోతాడు. వాడికి ఏమనిపిస్తోందో ఏ ఒక్కడూ అడగడు. అందులో నాలుగోవాణ్ని నేనే.

రెండు భాషల ఊళ్లో ఇంకో చిక్కుంది. అది మీ వ్యాసంలో లేదు, మీకు తెలిసే అవకాశమూ తక్కువ. మా అమ్మకి ఒడియా రాదు. ఎనభై ఏళ్లు ఈ ఊళ్లోనే బతికినా ‘హఉ’ (సరే) అనడం తప్ప నేర్చుకోలేదు. ఒకసారి ఆమెను ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు ఒడియా కుర్రాడు. నేను మధ్యలో దుబాసీని. అమ్మ చెప్తోంది: ‘కడుపులో రాయి పెట్టినట్టుంది నాయనా. పొద్దున్న బాగానే ఉంటుంది. దీపాలు పెట్టేవేళకి మొదలవుతుంది. ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్తే మీ నాన్న పీట కనిపిస్తుంది, ఇంక దిగదు.’ నేను డాక్టరుతో ఒడియాలో ‘కడుపు నొప్పి, ఆకలి లేదు’ అన్నాను. రద్దీగా ఉంది, వెనక పాతికమంది నిలబడ్డారు, డాక్టరు టైము తినకూడదని నా తాపత్రయం.

ఆ కుర్రాడు రాస్తున్న పెన్ను ఆపి నా వైపు చూశాడు. ‘ఆమె అంతసేపు చెప్పారు. మీరు రెండు మాటలే అన్నారు. మిగతాది ఏమైంది?’ అన్నాడు, నవ్వుతూనే. నాకు తల తీసేసినట్టయింది. మొత్తం చెప్పాను. నాన్న పోయి నాలుగు నెలలైందని, ఆయన పీట వంటింట్లో గోడకి ఆనించే ఉందని కూడా చెప్పాను. అతను పరీక్షలన్నీ చేయించాడు, మందులూ రాశాడు, అది వేరే సంగతి. కానీ మర్నాటి నుంచి రౌండ్లకి వచ్చినప్పుడు మంచం దగ్గర ఆగి, ఎక్కడ నేర్చుకున్నాడో, ‘అమ్మా, తిన్నావా?’ అనేవాడు. అతనికి వచ్చిన తెలుగు అంతే. మా అమ్మ దానికి రోజూ అయిదు నిమిషాలు తెలుగులో జవాబు చెప్పేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నిలబడి వినేవాడు. ఒడియాలోనూ పలకరింపు అదే కదా, ‘ఖాఇల కి?’ అంటారు. అన్నం తిన్నావా అని అడగడంలో రెండు భాషలకీ తేడా లేదు. ఆగి జవాబు వినేవాళ్లు మాత్రం రెండిట్లోనూ తక్కువే.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులు గారిని తలుచుకోకుండా ఉండలేను. మీరు ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటో వేస్తారు, వాడుక భాష కోసం పోరాడారని రాస్తారు. ఆయన పాఠాలు చెప్పింది మా ఊళ్లోనే. కొండల మీది సవరలు సంతకి దిగి వస్తే వాళ్ల మాట ఇక్కడ ఎవరికీ పట్టేది కాదు. ఈయనకి పట్టింది. సవర మాట తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, నిఘంటువు రాశారు, సొంత ఖర్చుతో సవర పిల్లలకి బడి పెట్టారు. ఆ మన్యంలో తిరిగి జ్వరం తెచ్చుకుని, దానికి మింగిన క్వినైన్ వల్ల చెవులు పోగొట్టుకున్నారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఇక్కడి నుంచి రాజమండ్రి వెళ్లిపోయారు. మా తరం ఆయన పేరు చెప్పుకుని గర్వపడుతుంది. అదే తరంవాళ్లం సంతలో సవర ముసలమ్మ పసుపు కొమ్ములకి ఒక ధర చెప్తే మొత్తం వినకముందే సగానికి అడుగుతాం.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. ఇది నా వంతు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఊళ్లోనూ రేకులు లేచిపోయాయి, కరెంటు లేదు. మా అక్క వాళ్లది ఉద్దానం. బావకి కొబ్బరి తోట. కొన్ని రోజులకి ఫోన్ కలిసింది. ఇల్లు నిలిచింది, మనుషులు బాగున్నారు, తోట మొత్తం నేలమట్టం. నేను బావతో ఏమన్నానో మాట మాట గుర్తుంది: ‘ప్రాణాలు దక్కాయి బావా, అదే పదివేలు. చెట్లే కదా, మళ్లీ వేసుకోవచ్చు.’ బావ ‘ఊ’ అన్నాడు. ఫోన్ అక్కకి ఇచ్చేశాడు.

ఆ ‘ఊ’ నేనెరుగుదును. బూత్‌లో బెంచీ మీద నుంచి లేచి వెళ్లినామెదీ అదే ‘ఊ’. మనిషి చెప్పడం మానేశాక వచ్చేది. మా ఆవిడ పక్కనే ఉంది. ‘కొబ్బరి కాపుకి రావాలంటే ఎన్నేళ్లు పడుతుంది?’ అంది. ‘ఆరేడేళ్లు.’ ‘మీ బావకి ఎన్నేళ్లు?’ అంది. అరవై ఎనిమిది. నేను చొక్కా వేసుకున్నాను.

దారిలో చెట్లు ఇంకా తీయలేదు. మధ్యలో దిగి నడిచి, ఇంకో బండి పట్టుకుని సాయంత్రానికి చేరాం. తోటలో చెట్లన్నీ ఒకే వైపుకి తలలు పెట్టి పడి ఉన్నాయి. మేం వెళ్లేముందు ఒక టీవీ వాళ్లు వచ్చి వెళ్లారట. ‘ఎన్ని చెట్లు పోయాయి?’ అని మైకు పెట్టారట. బావ ‘నూట అరవై’ అన్నాడట. మొదటి మొక్క ఎవరు పెట్టారో చెప్పబోతే మైకు పక్క తోటకి వెళ్లిపోయిందట. ఏ టీవీయో నేను అడగలేదు. వాళ్లకి కావలసింది అంకె, అది దొరికింది.

ఆ రాత్రి కరెంటు లేదు. వాకిట్లో నులకమంచం మీద బావ, పక్కన నేను. ఈసారి నోరు కట్టుకుని కూర్చున్నాను. నష్టపరిహారం ఎంత వస్తుందో నాకు తెలుసు, ఫారం ఎక్కడ ఇవ్వాలో తెలుసు, జిరాక్సులు నేనే తీసి ఇవ్వగలను. అవన్నీ నాలిక చివర దాకా వచ్చాయి. ఆపుకున్నాను. చాలాసేపటికి బావే మొదలెట్టాడు. బావి పక్కన చెట్టు వాళ్ల నాన్న పెట్టినది. దాని పక్కవి రెండూ పెద్దమ్మాయి పుట్టిన ఏడు పెట్టినవి, దాని పెళ్లికి ఆ రెండు చెట్ల బొండాలే దింపారు. గట్టు మీది వంకర చెట్టుకి కాయ చిన్నది కానీ నీళ్లు తీపి. ఇలా ఒక్కో చెట్టూ చెప్పుకుంటూ పోయాడు. చిన్నప్పుడు కథ చెప్పేటప్పుడు మా నాయనమ్మ ‘ఊ కొట్టరా, లేకపోతే చెప్పను’ అనేది. అలాగే ఊ కొట్టాను. ఎక్కడ ఆగాడో అక్కడ ‘మరి ఆ గట్టు మీదిది?’ అన్నాను. నూట అరవై చెట్లూ చెప్పాడో లేదో తెలియదు, నేను మధ్యలో నిద్రపోయాను. అది దాచడం దేనికి?

పొద్దున్న లేచేసరికి బావ తోటలో ఉన్నాడు, పడ్డ చెట్ల నుంచి కాయలు కోస్తున్నాడు. వస్తుంటే సంచిలో పద్దెనిమిది కాయలు వేసి ఇచ్చాడు. ఫారం ఎక్కడ ఇవ్వాలో అప్పుడు తనే అడిగాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా

తా.క. పోస్టు చేసేముందు ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. ఆ సూరత్ ఆమె పేరు ఎక్కడైనా వచ్చిందా అని రెండుసార్లు అడిగింది. రాలేదన్నాను. కాయలు పద్దెనిమిది కాదట, పదహారేనట. పద్దెనిమిదే ఇచ్చాడు గానీ రెండు దారిలో బండివాడికి ఇచ్చేశానట. దిద్దమంది. బావ ఇచ్చినవి పద్దెనిమిదే కదా అన్నాను. ‘ఇంటికొచ్చినవి పదహారు’ అని లేచి వెళ్లింది. మీరే ఏదో ఒకటి వేసుకోండి.